వాన తినేసిన హిట్టు

మా ఊరి బేస్‌బాల్ మైదానంలో ఎడమవైపు గోడ మీద ఒక బోర్డు ఉండేది. ఆకుపచ్చ చెక్క మీద తెల్ల అక్షరాలు: ఎల్. జెలెంకా, వరసగా 31 ఆటల్లో హిట్టు, 1932. ఆ ఎల్. జెలెంకా మా నాన్న. లాడిస్లావ్ అని పూర్తి పేరు పెట్టి పిలిచింది చర్చిలో ఫాదర్ ఒక్కరే. ఊరందరికీ లాడీ. అయోవాలో నది పక్కన మిల్‌బెండ్ లాంటి ఊరికి చెప్పుకోడానికి ఏముంటుంది చెప్పండి? ఒక మాంసం ఫ్యాక్టరీ, రెండు చర్చిలు, ఆ బోర్డు. కొత్తవాడెవడైనా రైలు దిగితే మావాళ్ళు ముందు ఆ బోర్డు చూపించి, తర్వాత వాడి పేరు అడిగేవాళ్ళు.

మాది చిన్న లీగే. పెద్ద నగరాల జట్లకి పోబోయే కుర్రాళ్ళూ, ఇక పోలేమని తెలిసిపోయిన ముసలాళ్ళూ ఆడే లీగు. అయినా జీతమిచ్చి ఆడించే ఆట, టిక్కెట్టు కొని చూసే ఆట. ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్‌లు, ఒక్కోదాంట్లో రెండు జట్లూ ముగ్గురేసి అవుటయ్యేదాకా బ్యాటు పడతాయి. బంతిని కొట్టి, అవతలివాళ్ళు దాన్ని అందుకుని విసిరేలోపు పరుగు దారిలో మొదటి మజిలీ, అంటే మొదటి బేస్‌కి, చేరుకుంటే హిట్టు. ఆటకి ఒక్కటైనా ఉండాలి. ఏదో ఒక ఆటలో లేదా, వరస తెగిపోయింది, మళ్ళీ ఒకటి నుంచి మొదలు. పదిరోజులు నిలబెట్టుకున్నవాణ్ణే పత్రికవాళ్ళు నెత్తిన పెట్టుకుంటారు. అలాంటిది మా నాన్నని దాటినవాడు ఆ లీగు మొత్తంలో ఇరవైమూడేళ్ళుగా పుట్టలేదు. బళ్ళో ఎవతైనా "మీ నాన్న గడ్డి కోసేవాడు" అని వెక్కిరిస్తే, "మీ నాన్న పేరు ఏ గోడ మీదుందే?" అనేదాన్ని. దెబ్బకి నోరు పడిపోయేది.

గడ్డి కోసేవాడన్న మాట అబద్ధం కాదు. ఆడటం మానేశాక నాన్న ఆ మైదానానికే పనివాడయ్యాడు. గడ్డి కత్తిరించడం, మట్టి చదును చెయ్యడం, సున్నపు గీతలు గియ్యడం, వానొస్తే టార్పాలిన్ కప్పించడం. ఆయనకి కొడుకుల్లేరు కనక మట్టి దువ్వే దంతె నా చేతికొచ్చింది. ఒక్కటే విడ్డూరం. అంత ప్రాణంగా చూసుకునే మైదానంలో ఆట మొదలయ్యే సరికి నాన్న స్టాండ్ కింద పనిముట్ల గదిలోకి పోయి తలుపేసుకునేవాడు. ఎందుకు నాన్నా అంటే, "చూసేశాంగా, ఇంకేం చూస్తాం" అనేవాడు. అంతకుమించి ఆయన నోట మాట రాలాలంటే భూకంపం రావాలి.

ఇక 1955 ఎండాకాలం సంగతి. నాకు ఇరవై రెండేళ్ళు, ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టుని.

మే నెలలో ఒకరోజు జట్టు సెక్రటరీ మా వంటింటి గుమ్మంలో నిలబడి టోపీ నలుపుకుంటున్నాడు. "అల్బీనా, కొత్త కుర్రాడొచ్చాడు, మిసిసిపీ నుంచి. హోటల్‌వాళ్ళు గదుల్లేవంటున్నారు..."

మా అమ్మ చేతికంటిన పిండి దులుపుకుంది. "హోటల్లో నలభై గదులు, ఊళ్ళో నలుగురు ప్రయాణికులు. లేనిది గదులా, బుద్ధా?"

"నన్నేం చెయ్యమంటావమ్మా? కుర్రాడు నల్లవాడు. వాళ్ళు ససేమిరా అంటున్నారు."

"నువ్వేం చెయ్యక్కర్లేదు. వాణ్ణి లోపలికి రమ్మను. నీతోపాటు ఎండలో నిలబెట్టి మాడుస్తున్నావు."

అలా వచ్చాడు ఎజెల్ ప్రూయిట్. ఇరవై ఏళ్ళవాడు, తాటిచెట్టంత పొడుగు, గుమ్మం దాటడానికి తల వంచాడు. "నమస్కారమమ్మా" అని అమ్మకీ, "నమస్కారమయ్యా" అని నాన్నకీ చెప్పి, పెట్టె ఎక్కడ పెట్టాలో తెలీక చంకలోనే పెట్టుకుని భోజనానికి కూర్చున్నాడు. కాసేపటికి ధైర్యం తెచ్చుకుని, "అయ్యా, ఆ గోడ మీదున్న పేరు మీదేనా?" అన్నాడు.

"ఉప్పు ఇటు జరుపు" అన్నాడు నాన్న.

మొదటిరోజు వాళ్ళిద్దరి సంభాషణ అంతే.

జూన్‌లో మొదలైంది వరస. ఆవేళ అమ్మ గసగసాలు కూరిన కొలాచీలు చేసింది. మా చెక్‌వాళ్ళ ఇళ్ళలో ఆదివారం చేసుకునే తియ్య బన్నులవి. ఎజెల్ మూడు తిని వెళ్ళి రెండు హిట్లు కొట్టాడు. మర్నాడు అమ్మ రేగుపండ్ల జామ్ పెట్టి చేస్తే, వాడు పళ్ళెం చూసి బిక్కమొహం వేశాడు. "అమ్మా, నిన్నటివి అయిపోయాయా?" అమ్మకి విషయం అర్థమైంది. బేస్‌బాల్ ఆడేవాళ్ళకున్నన్ని పట్టింపులు మా నాయనమ్మకి కూడా లేవు. వరస నడుస్తున్నంతకాలం ఏదీ మారకూడదు. అదే తిండి, అదే దారి, అదే చొక్కా. అన్నిటికన్నా ఘోరం, అవే మేజోళ్ళు. ఉతక్కూడదట!

"లిబ్బీ, ఆ మేజోళ్ళని పెరట్లో కట్టెయ్యవే" అనేది అమ్మ ముక్కు మూసుకుని. "వాటంతటవే లోపలికి నడిచొచ్చేలా ఉన్నాయి."

"క్షమించాలమ్మా. వాటిలోనే నా అదృష్టం ఉంది."

"అదృష్టం కాదురా నాయనా, అందులో ఏదో చచ్చింది."

అయినా పొద్దున్నే లేచి గసగసాలు నూరేది. రోజూ. జూలై వచ్చేసరికి మా ఇంటి మీంచి వెళ్ళే పిచ్చుకలు కూడా గసగసాల మత్తులో ఉన్నాయేమో అనిపించేది. వరస ఇరవై దాటింది. ఇరవై అయిదు దాటింది. మా ఇంట్లో ఎవ్వరం ఆ అంకె పైకి అనేవాళ్ళం కాదు, పట్టింపే మరి. నాన్న తన మానాన తను తింటూ, వాడు తింటున్నది చూస్తూ ఉండేవాడు. ఆయన మొహంలో ఏముందో నాకు ఎంత వెతికినా దొరికేది కాదు. నాకు మాత్రం ఎటు మొగ్గాలో తెలిసేది కాదు. ఎజెల్ అంటే ఇష్టమే. కానీ ఆ బోర్డు తప్ప మా నాన్నకి ఈ లోకం ఏమిచ్చింది చెప్పండి?

ఊరు గుసగుసలు మాని గట్టిగానే మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఒక శనివారం నాన్నా నేనూ సాసేజీల కోసం వెన్సెల్ బార్టా మాంసం దుకాణానికి వెళ్ళాం. బార్టా నాన్నతో కలిసి ఆడినవాడు, చిన్నప్పటి నేస్తం. దుకాణం గోడకి 1932 జట్టు ఫొటో పెట్టుకున్నాడు. వానొస్తే మైదానం మీద టార్పాలిన్ లాగే పదిమందికీ అతనే పెద్ద. ఆ చాకిరీకి వాళ్ళందరికీ ఆట ఉచితం.

మమ్మల్ని చూడగానే కత్తి బల్ల మీద పెట్టాడు. "ఒరేయ్ లాడీ, పాముకి పాలు పోసి పెంచుతున్నావురా ఇంట్లో."

"పాలు కాదు" అన్నాడు నాన్న. "గసగసాల కొలాచీలు. రెండు పౌన్లు ఇవ్వు, కారంవి."

"నవ్వులాట కాదురా! ఆ బోర్డు నీ ఒక్కడిదా? ఊరిది. ఎక్కణ్ణించో ఊడిపడ్డ నల్లకుర్రాడి పేరు దాని మీద రాయిస్తావా?"

నాకు ఒళ్ళు మండింది. "ఎక్కణ్ణించో ఏమిటి బార్టాగారూ, రోజూ మా వంటింట్లోంచే వస్తున్నాడు."

"నువ్వుండవే పిల్లా." అతను బల్ల మీదకి వంగి గొంతు తగ్గించాడు. "వాడి బలమంతా కాళ్ళల్లో ఉంది. బంతిని నేల మీద దొర్లించి పరిగెత్తుతాడు. మొదటి బేస్ దారిలో రెండు బకెట్ల నీళ్ళు ఎక్కువ పొయ్యి. అంతే. సగం వేగం అక్కడే దిగబడిపోతుంది. ఎవడికి తెలుస్తుంది?"

నాన్న డబ్బులు బల్ల మీద పెట్టి పొట్లం తీసుకున్నాడు. "నేలకి తెలుస్తుంది" అని గుమ్మం వైపు నడిచాడు.

దారంతా నేను ఆయన మొహం వైపు చూస్తూనే ఉన్నాను. నీళ్ళు పొయ్యనని ఆయన అనలేదు.

ఆ సాయంత్రం అమ్మా నేనూ పెరట్లో కూర్చుని పుల్ల చెర్రీల్లోంచి గింజలు తీస్తున్నాం. ఉండబట్టలేక అడిగేశాను. "అమ్మా, నాన్న బాధపడుతున్నాడా?"

అమ్మ చేతులు ఆగాయి. "నీకు ముప్పైరెండో హిట్టు సంగతి తెలీదు కదూ?"

"ముప్పైఒకటేగా?"

"బోర్డు మీద ముప్పైఒకటి. మర్నాటి ఆటలో కూడా కొట్టాడు మీ నాన్న. ఎలాంటి దెబ్బనుకున్నావు! రెండో ఇన్నింగ్స్‌లో, బంతి ఎగిరి వెళ్ళి గోడకి కొట్టుకుంది. నేను లేచి కేకలు పెట్టాను, కడుపుతో ఉన్నదాన్నని కూడా మర్చిపోయి. నాలుగో ఇన్నింగ్స్‌లో వానొచ్చింది. అప్పట్లో కప్పడానికి చిరుగుల గుడ్డ తప్ప ఏముంది? దానికీ ఎవరూ పరిగెత్తలేదు. అరగంట చూసి అంపైర్ ఇంటికి పొమ్మన్నాడు."

"అయితే?"

"అయితే ఏమిటే, ఈ ఊళ్ళో పుట్టి! ఐదు ఇన్నింగ్స్‌లు కాకుండా ఆగిపోతే ఆ ఆట జరగనట్టే. పరుగులూ హిట్లూ అన్నీ నీళ్ళపాలు. మర్నాడు మళ్ళీ మొదటి నుంచి ఆడించారు. ఆ ఆటలో మీ నాన్నకి ఒక్కటీ పడలేదు." అమ్మ చెర్రీల గిన్నె ఒళ్ళోకి తీసుకుంది. "ఆ హిట్టు నా కళ్ళతో చూశాను. వందలమంది చూశారు. ఇప్పుడడిగితే ఒక్కడికీ గుర్తులేదు. వాన తినేసింది. మరుసటి ఏడాది మైదానం పని ఇమ్మని తనే వెళ్ళి అడిగాడు. వచ్చీ రాగానే, జీతం తగ్గించుకుని మరీ కొత్త టార్పాలిన్ కొనిపించాడు."

"మరి ఇప్పుడు ఈ అబ్బాయి దాటేస్తే..."

"ఏమోనే. ఇన్నేళ్ళ కాపురంలో అన్నీ అడిగాను గానీ అదొక్కటీ అడగలేకపోయాను."

వారం తిరిగేసరికి ఎజెల్ ముప్పైఒకటికి వచ్చేశాడు. శనివారం సాయంత్రం నాన్న అంకెతో సమానమయ్యాడు. ఆదివారం మధ్యాహ్నం ఆటలో ఒక్క హిట్టు పడితే, బోర్డు వాడిది.

ఆ ఆదివారం పొద్దున్న కొలాచీల పళ్ళెం ముందు పెట్టుకుని వాడు ముట్టుకోలేదు. అమ్మ కంగారుపడింది. "ఏరా, ఒంట్లో బాగాలేదా?"

"అయ్యా" అన్నాడు ఎజెల్ నాన్న వైపు తిరిగి, తల ఎత్తకుండా. "నాకు ఇల్లు లేని ఊళ్ళో మీరు ఇల్లిచ్చారు. ఇవాళ నేను కొట్టను. బ్యాటు ఊపుతాను, బంతికి తగలనివ్వను. సమానంగా ఉంటే చాలు నాకు. మీ పేరు కింద నా పేరు."

నాన్న చెంచా కింద పెట్టాడు. ఆయనకి కోపం రావడం నేను పుట్టాక మూడుసార్లు చూశాను. అది నాలుగోది.

"నేనేమైనా నీ ముందు చెయ్యి చాపానా?"

"లేదయ్యా..."

"మరి ముష్టి ఎందుకేస్తున్నావు నాకు?" ఆయన గొంతు లేవలేదు. లేచినా బాగుండేది. "నా మొహం నీకు ముష్టివాడి మొహంలా ఉందా? ఇరవైమూడేళ్ళు దాన్ని ఎవడూ అందుకోలేకపోయాడు. అందుకే దానికి విలువ. నువ్వు జాలిపడి వదిలేసిందని తెలిశాక ఆ బోర్డు పొయ్యిలో పెట్టుకోడానికి కూడా పనికిరాదు నాకు. పోతే పోతుంది. ఒకడు నిజంగా కొట్టి తీసుకుపోవాలి, అంతే. ఆటలో అబద్ధమాడేవాడి కాలు నా మైదానం మీద పడనివ్వను. తిను!"

ఎజెల్ తిన్నాడు. ఒకటి, రెండు, మూడు. కళ్ళు తుడుచుకుంటూ తిన్నాడు. అమ్మ పొయ్యి వైపు తిరిగి నిలబడింది, కానీ ఆవిడ భుజాలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. నాన్న లేచి కిటికీలోంచి నది అవతలికి చూశాడు.

"లిబ్బీ, పాత బూట్లు వేసుకో. ఆకాశం బాలేదు."

ఆ మధ్యాహ్నం స్టాండ్‌లో ఇసకేస్తే రాలనంత జనం. అమ్మ చర్చి టోపీతోనే వచ్చేసింది, నీలం ఈకలున్నది, ఆవిడకున్న ఒకే ఒక్క మంచి టోపీ. బార్టా తన తొమ్మిదిమందితో ముందు వరసలో చేతులు కట్టుకు కూర్చున్నాడు. గాలి కదలడం లేదు. పడమటి దిక్కు మాడిన పెనంలా ఉంది.

మొదటిసారి వచ్చినప్పుడు ఎజెల్ కొట్టిన బంతి నేరుగా ఎవడి చేతుల్లోకో పోయింది. ముందు వరస చప్పట్లు కొట్టింది. మన జట్టువాడు అవుటైతే చప్పట్లు! సిగ్గులేని జన్మలు, ఇప్పుడు తల్చుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. మూడో ఇన్నింగ్స్‌లో మళ్ళీ వచ్చాడు. మొదటి బంతి వదిలేశాడు. రెండోది కొట్టాడు. నేల మీద దొర్లించలేదు. ఆ దెబ్బ చప్పుడు నది అవతలికి వినపడి ఉంటుంది. బంతి ఎడమవైపు వాళ్ళ తలల మీంచి వెళ్ళి, సరిగ్గా ఆ బోర్డు కింద గోడకి కొట్టుకుని గడ్డిలో పడింది. వాళ్ళు ఏరుకునేసరికి ఎజెల్ రెండో బేస్ మీద నిలబడి దుమ్ము దులుపుకుంటున్నాడు.

నేను స్టాండ్ కిందకి పరిగెత్తాను. పనిముట్ల గది తలుపు తీసే ఉంది. నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నాన్నా, కొట్టాడు!"

"విన్నాను. బ్యాటు నడిమధ్యలో తగిలింది." ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తర్వాత నా భుజం మీంచి ఆకాశం వైపు చూశాడు. "ఎన్నో ఇన్నింగ్స్?"

"మూడు."

"ఇంకా రెండు కావాలి" అన్నాడు. ఆ మాట అన్న తీరులోనే నాకు సమాధానం దొరికింది. వారాల తరబడి ఆయన మొహంలో నేను వెతుకుతున్నదదే.

నాలుగో ఇన్నింగ్స్‌ సగంలో వాన దిగింది. చినుకులు కాదు, కుండపోత. అంపైర్ చేతులెత్తి ఆట ఆపేశాడు. మావాళ్ళు నాలుగు పరుగులు ముందున్నారు కనక అవతలి జట్టు మేనేజరు పండగ చేసుకుంటున్నాడు. నాన్న గదిలోంచి వచ్చి, కంచె పక్కనున్న టార్పాలిన్ చుట్ట దగ్గర నిలబడి ముందు వరస వైపు చూశాడు. పదిమంది లేచి పరిగెత్తుకు రావాల్సిన సమయం. బార్టా చేతులు విప్పలేదు. అతను కదల్లేదు కనక మిగిలిన తొమ్మిదిమందీ కదల్లేదు.

"వదిలెయ్ లాడీ!" అన్నారెవరో పైనుంచి. "కురవనీ!"

ఇంకొకడందుకున్నాడు. "కురవనీ లాడీ, కురవనీ!" క్షణంలో సగం స్టాండ్ అదే పాట. వాళ్ళు మా నాన్న మంచి కోరుతున్నామనే అనుకున్నారు, అదీ చిత్రం. వాన ఆ హిట్టుని తినేస్తే ఆ బోర్డు పదిలం. ఆయన చెయ్యాల్సిందల్లా ఊరుకోవడమే. వయసైపోయిన మనిషి, చుట్ట బరువైంది, మనుషులు రాలేదు అంటే ఎవరు తప్పుపడతారు?

నాన్న వాళ్ళ వైపు ఒక్కసారి చూసి, వెనక్కి తిరిగి, భుజం ఆ చుట్టకి ఆన్చి తొయ్యడం మొదలుపెట్టాడు. ఒక్కడే. పదిమంది తోస్తే కదిలే బరువది. బూట్లు బురదలో జారుతున్నాయి. మోకాలి మీద పడ్డాడు, లేచాడు, మళ్ళీ ఆన్చాడు.

నేను కంచె దూకాను. ఎజెల్ ఆటగాళ్ళ బెంచీ మీంచి ఒక్క ఉరుకు ఉరికాడు, వాడి వెనక మిగిలిన జట్టూ. ఇంతలో నా పక్కన నీలం ఈకలు కనపడ్డాయి. అమ్మ! స్కర్టు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, రెండో చెయ్యి చుట్ట మీద వేసి, స్టాండ్ వైపు తిరిగి అరిచింది చూడండి: "వెన్సెల్ బార్టా! ఈ ఊళ్ళో మగాళ్ళ పని ఆడవాళ్ళు చేస్తున్నారని రేపు నీ దుకాణం ముందు నిలబడి చెప్తాను!"

అంచు పట్టుకుని లాగాం. "మూల ఎత్తండి! గాలికి ఎదురు లాగొద్దు!" అని అరిచింది నేనే. నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు. జట్టువాళ్ళకి ఆడటం తెలుసు గానీ టార్పాలిన్ లాగడం తెలీదు. కిందామీదా పడి ముప్పాతిక మైదానం కప్పేశాం. మొదటి బేస్ వైపు ఒక మూల మాత్రం మిగిలిపోయింది. మేం దాన్ని చేరేసరికి అది చిన్న చెరువైంది.

అరగంటకి వాన ఆగింది. అంపైర్ ఆ మూలకి నడిచాడు. బూటు చీలమండ దాకా దిగబడింది. "లాడీ, నీ మీద గౌరవం కొద్దీ ఇరవై నిమిషాలిస్తున్నాను. తర్వాత కూడా ఇలాగే ఉంటే అందరూ ఇళ్ళకే."

నాన్న నీళ్ళు తోడించి, పెట్రోలు డబ్బా తెచ్చి ఆ బురద మీద వంపాడు. మా రోజుల్లో తడి నేలని ఆరబెట్టే పద్ధతి అదే. అందర్నీ దూరంగా పొమ్మని అగ్గిపుల్ల గీసి పడేశాడు. భగ్గున లేచింది మంట. నల్లటి పొగ, కాలిన మట్టి వాసన. మంట ఆరగానే ఆయనొక దంతె, నేనొక దంతె పట్టుకుని గెలికాం. పైన పెచ్చు కట్టింది, కింద ఇంకా జావ. ఇసక బస్తాలు అయిపోయాయి. ఎజెల్ వంగి చేతుల్తో బురద ఎత్తి పోస్తున్నాడు.

"ఆ బార్టా చూడు, లేచి ఎటో పోయాడు" అంది అమ్మ. "మొహం చెల్లలేదు."

ఆ మాట పూర్తికాలేదు, వెనక గేటు తెరుచుకుని దుకాణం లారీ మైదానంలోకి వచ్చేసింది, నాన్న ప్రాణంకన్నా ఎక్కువ చూసుకునే గడ్డి మీంచి, చక్రాల జాడలు వేసుకుంటూ. బార్టా దిగి వెనక తలుపు తీశాడు. నిండా రంపపు పొట్టు బస్తాలు.

నాన్న వైపు చూడకుండా ఒక బస్తా భుజానికెత్తుకున్నాడు. "దుకాణంలో కింద చల్లేది. కొత్తదే, రక్తం మరకల్లేవులే."

"నా గడ్డి మీద లారీ నడిపావు" అన్నాడు నాన్న.

"రేపు తిట్టుకో." బార్టా ఆగాడు. "వాన తినేసింది నీ ముప్పైరెండోది. నాకు గుర్తుందిరా లాడీ. ఆ రోజు నేను రెండో బేస్ మీదున్నాను."

నాన్న ఆ బస్తా మూతి విప్పి అతని చేతికిచ్చాడు. మిగిలిన తొమ్మిదిమందీ అప్పటికే కంచె దాటి వస్తున్నారు.

పొట్టు చల్లి తొక్కాం, మళ్ళీ చల్లి దువ్వాం. అంపైర్ వచ్చి ఎగిరి దూకి చూశాడు. అవతలి మేనేజరు "ఇది మైదానమా, వడ్రంగి కొట్టమా?" అని చిందులు తొక్కాడు. అంపైర్ వినలేదు. ఆట మళ్ళీ మొదలైంది.

మావాళ్ళు ముందున్నారు కనక, ఐదోదాంట్లో అవతలివాళ్ళ బ్యాటింగ్ ముగిస్తే చాలు, ఆట లెక్కలోకి వచ్చేస్తుంది. పడమటి నుంచి ఇంకో మబ్బు బయల్దేరింది. ఒకడు అవుట్. ఇంకొకడు అవుట్. మూడోవాడు బంతిని నేల మీద గట్టిగా కొట్టాడు, సరిగ్గా ఆ మూలకి, ఆ పొట్టు మీదకి. అక్కడ బంతి దిగబడిపోతే వాడు బతికిపోతాడు, ఆట సాగుతుంది, వాన వచ్చేస్తుంది. బంతి పడింది. ఎండిన నేల మీద లేచినట్టే నిక్కచ్చిగా లేచి, మావాడి చేతిలోకి వచ్చింది. వాడు బేస్ తొక్కాడు. మూడో అవుట్.

తిరిగి చూస్తే నాన్న గదిలో లేడు. కంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇరవైమూడేళ్ళలో మొదటిసారి ఆయన ఆట చూస్తున్నాడు. మొహమంతా మసి, మోకాళ్ళ దాకా బురద. మా నాన్న అంత అందంగా ఉండటం నేను మళ్ళీ చూడలేదు.

ఆ బోర్డు మీద కొత్త పేరు మర్నాడు ఆయనే రాశాడు, ఎజెల్ నిచ్చెన పట్టుకుంటే. పాత పేరు చెరిపెయ్యబోతే అమ్మ ఒంటికాలి మీద లేచి ఉంచేయించింది. నాన్న తర్వాత ఆ మైదానం పని నాకిచ్చారు. ఆడదానికి మట్టి పనేమిటని ఒక్కడు కూడా నోరెత్తలేదు, నా గొంతు అప్పటికే అందరూ విన్నారు మరి. కానీ ఆదివారం సంగతి ఇంకా కొంచెం ఉంది.

అంపైర్ ఆట లెక్కలోకి వచ్చిందని చెయ్యి ఊపాడో లేదో వాన మళ్ళీ విరుచుకుపడింది. బార్టా గాభరాగా లేచాడు. పదిమందీ టార్పాలిన్ వైపు పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను. ఎజెల్ బ్యాటు పట్టి నిలబడే చోట, హోమ్ ప్లేట్ దగ్గరే ఆగిపోయి, ఏం చెయ్యాలో తెలీక నాన్న వైపు చూశాడు.

నాన్న చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. నింపాదిగా నడిచి వెళ్ళి ఆ కుర్రాడి పక్కన నిలబడ్డాడు. టోపీ తీసేసి, వాడి భుజం మీద చెయ్యేసి, ఆకాశం కేసి మొహం ఎత్తాడు.

"ఇప్పుడు కురవనీ" అన్నాడు.